కానీకో పొట్లం: చలిజ్వరం మందు చవకైన కథ

1892లో బెంగాల్‌లో పోస్టాఫీసులకు కొత్త సరుకు వచ్చింది. కార్డులు, స్టాంపులు అమ్మే చోటనే చిన్న కాగితపు పొట్లాలు అమ్మడం మొదలుపెట్టారు. ఒక్కో పొట్లంలో ఐదు గ్రెయిన్ల క్వినైన్, ఇప్పటి కొలతలో దాదాపు 325 మిల్లీగ్రాములు. వెల ఒక కానీ. అణాలో నాలుగో వంతు, రూపాయిలో అరవై నాలుగో వంతు. ఈ ఏర్పాటు వెనక ఉన్నవాడు జార్జ్ కింగ్. చదివింది వైద్యం, చేసేది కలకత్తా బొటానికల్ గార్డెన్ సూపరింటెండెంటు పని. పొట్లాలు కట్టింది జైలు ఖైదీలు. మద్రాసు సర్కారు కూడా త్వరలోనే ఇదే దారి పట్టింది.

డాక్టరు లేని, మందుల కొట్టు లేని తాలూకాల్లో కూడా టపా నడిచేది. సర్కారు ముద్రతో మూసిన పొట్లం కాబట్టి, అందులో సున్నం కలిసిందా పిండి కలిసిందా అన్న బెంగ ఉండదు. ఔన్సు సీసా కొనలేని మనిషి కానీ పెట్టి ఒక పొట్లం కొనగలడు. కింగ్ కొత్త మందునేమీ కనిపెట్టలేదు. ఉన్న మందును కూలివాడి చేతిలో ఉండే చిన్న నాణేనికి సరిపడేలా విడగొట్టాడు, అంతే.

అయితే ఆ నాణేనికి క్వినైన్ రావడానికి ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది.

దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో పెరిగే సింకోనా చెట్టు బెరడు జ్వరాన్ని దించుతుందని యూరప్‌కు పదిహేడో శతాబ్దంలోనే తెలుసు. అందులోంచి క్వినైన్‌ను 1820లో పారిస్‌లో పెల్లెటియే, కావెంటు అనే ఇద్దరు వేరు చేశారు. ఆ తర్వాత గిరాకీ పెరిగింది. బెరడు కోసం కొండ అడవుల్లో చెట్లను నరికేస్తూ పోయారు. సరుకంతా పెరూ, బొలీవియా, ఈక్వడార్ల నుంచే రావాలి. సైన్యాన్ని, రైలు కట్టలు వేసే కూలీలను చలిజ్వరం కూలదోస్తున్న భారతదేశంలో దొరతనానికి ఇది భరించలేని ఖర్చయింది. 1860లో క్లెమెంట్స్ మార్కమ్ నాయకత్వంలో మొక్కలు, విత్తనాలు తేవడానికి మనుషులు వెళ్ళారు. ఈక్వడార్‌లో ఎర్ర బెరడు రకాన్ని సేకరించింది రిచర్డ్ స్ప్రూస్. ఆ మొక్కలు నీలగిరి చేరాయి. ఊటీ తోటల అధికారి మెకైవర్ దొడ్డబెట్ట మీద, నడువట్టంలో వాటిని పెంచాడు. నడువట్టం తోటల్లో మలయా వైపు నుంచి మద్రాసు జైళ్ళకు తెచ్చిన చైనా ఖైదీల చేత పని చేయించారు. చెట్టును నరక్కుండా బెరడును పట్టీలుగా ఒలిచి, గాయం మీద నాచు కప్పితే కొత్త బెరడు వస్తుందని మెకైవర్ చూపించాడు. అదే చెట్టు మళ్ళీ మళ్ళీ పంట ఇచ్చింది.

చిక్కల్లా ఏమిటంటే, నీలగిరిలో బాగా ఎదిగిన ఎర్ర బెరడులో క్వినైన్ తక్కువ. దానికి తోబుట్టువుల్లాంటి ఇతర ఆల్కలాయిడ్లు, సింకోనిడిన్, సింకోనిన్ వంటివి, ఎక్కువ. యూరప్ వైద్యులు వాటిని పట్టించుకునేవారు కాదు. మరి అవి పనిచేస్తాయా? తేల్చడానికి మద్రాసు సర్కారు 1866లో ఒక కమిషన్ వేసింది. 2,472 మంది జ్వర రోగులను నాలుగు జట్లుగా విడదీసి, ఒక్కో జట్టుకు ఒక్కో ఆల్కలాయిడ్ ఇచ్చి చూశారు. మొత్తం మీద గుణం కనిపించనివారు 27 మంది. సింకోనిన్ కొంచెం వెనకబడింది, మిగతా మూడింటికీ మధ్య పెద్ద తేడా లేదు. ఇప్పటి ప్రమాణాల ప్రకారం చూస్తే ఆ పరీక్షలో లోపాలు ఎంచవచ్చు. అయినా, ఖరీదైన మందుకు చవక మందు సాటి వస్తుందా అని వేల మందిపై పోల్చి చూసిన పని ఆ రోజుల్లో అరుదు. మద్రాసు వైద్య చరిత్రలో ఈ కమిషన్‌కు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

ఆ ఫలితం డార్జిలింగ్ దగ్గరి మంగ్‌పూ తోటలో అక్కరకు వచ్చింది. అక్కడ 1870ల మధ్యలో సి.హెచ్. వుడ్ అనే రసాయనవేత్త, బెరడులోని ఆల్కలాయిడ్లన్నిటినీ విడదీయకుండా కలిపే తీసి ‘సింకోనా ఫెబ్రిఫ్యూజ్’ అనే పొడి తయారు చేశాడు. ఔన్సు ఒక్క రూపాయి. అప్పటి క్వినైన్ ధర ముందు ఇది నామమాత్రం. కడుపులో తిప్పుతుందని రోగులు గొణిగారు, తెల్లని క్వినైన్ ముందు ఈ పొడి మోటుగా ఉందని డాక్టర్లు ముఖం చిట్లించారు. పేదల మందు అన్న ముద్ర పడ్డాక, స్తోమత ఉన్నవారు దాని జోలికి పోలేదు.

క్వినైన్ ధరే పడిపోవడం మాత్రం వేరే కథ. అందులో సర్కారు తోటల గొప్ప కన్నా కాఫీ తెగులు గొప్పే ఎక్కువ. 1869 నుంచి సింహళంలో కాఫీ ఆకుకు తుప్పు తెగులు సోకి తోటలు నాశనమయ్యాయి. అప్పుల్లో మునిగిన తోటల యజమానులు ఎడాపెడా సింకోనా నాటారు. 1880ల మధ్యకల్లా ఆ దీవి నుంచి ఏడాదికి కోటిన్నర పౌన్ల బెరడు లండన్ చేరింది. 1880 ప్రాంతంలో ఔన్సు 12 షిల్లింగులు పలికిన క్వినైన్, 1890ల్లో షిల్లింగు దరిదాపులకు దిగింది. కానీకో పొట్లం సాధ్యపడింది ఈ ధర పతనం వల్లే. సింహళం యజమానులు ఆ ధరకు తట్టుకోలేక చెట్లు పీకేసి తేయాకు వేసుకున్నారు.

తట్టుకున్నది జావా. దానికి కారణం ఒక బొలీవియా మనిషి. చార్లెస్ లెడ్జర్ అనే వ్యాపారి దగ్గర పనిచేసిన మాన్యుయెల్ ఇంక్రా మామాని, క్వినైన్ దండిగా ఉండే చెట్ల విత్తనాలను ఏరి తెచ్చాడు. 1865లో లెడ్జర్ వాటిని లండన్‌లో అమ్మజూపితే బ్రిటిష్ ప్రభుత్వం వద్దంది. డచ్చివాళ్ళు కొద్ది డబ్బుకు ఒక పౌను కొని జావాలో నాటారు. ఆ చెట్ల బెరడులో క్వినైన్ పది శాతం దాటింది. విత్తనాలు దేశం దాటించినందుకు మామానిని జైల్లో పెట్టి కొట్టారు, బయటికొచ్చిన కొద్ది రోజులకే చనిపోయాడు. లెడ్జర్ ముసలితనంలో పేదరికంతో 1905లో ఆస్ట్రేలియాలో పోయాడు.

ఇక పొట్లం సంగతి. దోమ కడుపులో చలిజ్వరపు, అంటే మలేరియా, క్రిమిని రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనుక్కున్నది 1897 ఆగస్టు 20న. దోమల చేత కుట్టించుకున్నందుకు హుస్సేన్ ఖాన్ అనే రోగికి రాస్ దోమకు అణా చొప్పున ఇచ్చాడు. ఒక్క దోమకాటు ఖరీదుతో నాలుగు పొట్లాలు కొనుక్కోవచ్చన్నమాట! అయితే నాలుగు పొట్లాలతో మలేరియా పోదు. తరువాతి కాలంలో స్థిరపడిన మోతాదు పెద్దవారికి పూటకు 600 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడు సార్లు, ఏడు రోజులు. ఐదు గ్రెయిన్ల పొట్లాల్లో చెబితే 39 పొట్లాలు, పది అణాలకు ఒక్క కానీ తక్కువ. రోజుకు రెండు మూడణాల కూలి తెచ్చుకునే ఇంట్లో అది మూడు నుంచి ఐదు రోజుల సంపాదన, అదీ జ్వరంతో కూలికి పోలేని రోజుల్లో. ఒకటో రెండో పొట్లాలు మింగి, ఒళ్ళు చల్లబడగానే మానేసేవారు. క్రిమి రక్తంలోనే ఉండేది, జ్వరం తిరగబెట్టేది. పొట్లం చిన్నది కావడం వల్ల మందు చేతికందింది, చిన్నది కావడం వల్లే చాలలేదు.

1908 శరదృతువులో ఒక్క పంజాబులోనే మలేరియాకు మూడు లక్షలకు పైగా జనం చనిపోయారు. మరుసటి ఏడు సిమ్లాలో పెద్ద సభ జరిగింది, క్వినైన్ పంపకం గురించి గట్టిగా మాట్లాడుకున్నారు. ఇక గోదావరి, విశాఖ మన్యాల్లో కొండ మీది గూడేనికి పోస్టాఫీసే దూరం. 1922లో అల్లూరి సీతారామరాజును పట్టుకోవడానికి వెళ్ళిన పోలీసు బలగాలను కూడా మన్యం జ్వరం మంచాన పడేసింది.

1913లో జావా తోటల యజమానులు, యూరప్ మందుల కంపెనీలు కలిసి ధర నిర్ణయించే ఒప్పందం చేసుకున్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ‘కినా బ్యూరో’ దానికి కాపలా. ప్రపంచపు బెరడులో తొంభై శాతానికి పైగా జావాదే కావడంతో అడిగేవాడు లేడు. 1928లో అమెరికా ప్రభుత్వం మాత్రం గుత్తాధిపత్యమంటూ కోర్టుకెక్కింది. సొంత తోటలు, సొంత ఫ్యాక్టరీలు ఉండి కూడా భారతదేశం వాడే క్వినైన్‌లో ఎక్కువ భాగం బయటి నుంచే కొనేది. 1942లో జపాన్ జావాను పట్టుకోవడంతో ఆ దారి మూసుకుపోయింది. 1943 బెంగాల్ కరువులో ఆకలితో పాటు మలేరియా కూడా మనుషులను తీసుకుపోతుంటే క్వినైన్ నల్లబజారుకెక్కింది.

చెట్టు అవసరాన్ని తీసేసింది క్లోరోక్విన్. 1934లో జర్మనీలోని బేయర్ ప్రయోగశాలలో పుట్టిన ఈ మందు యుద్ధం తర్వాత ఊరూరా చేరింది. తమిళనాడులోని వాల్పారై దగ్గర ‘సింకోనా’ అనే ఊరు ఇప్పటికీ ఉంది, అక్కడ పండేది తేయాకు. మన దేశంలో క్లోరోక్విన్‌ను ఉచితంగానే పంచారు. అయితే 1973లో అస్సాంలో ఆ మందుకు లొంగని క్రిమి కనిపించింది. తర్వాత వచ్చిన ఆర్టెమిసినిన్ మిశ్రమాలు క్లోరోక్విన్ కన్నా ఎన్నో రెట్లు ఖరీదు. 2001లో నోవార్టిస్ తన మిశ్రమాన్ని పేద దేశాలకు తయారీ ఖర్చుకే ఇస్తానని ప్రపంచ ఆరోగ్య సంస్థతో ఒప్పుకుంది, తర్వాత భారతీయ కంపెనీలు పోటీకి దిగాయి.

2010 నుంచి మన దేశంలో ఎక్కువ రాష్ట్రాల్లో ఫాల్సిపారమ్ అనే రకం మలేరియాకు ఆర్టిసునేట్‌తో పాటు సల్ఫడాక్సిన్, పైరిమెథమిన్ ఇస్తున్నారు. మూడు రోజుల మందు మొత్తం ఒకే అట్టలో ఉంటుంది. వయసును బట్టి అట్ట రంగు మారుతుంది. పసిపిల్లలకు గులాబీ, తర్వాత పసుపు, ఆకుపచ్చ, ఎరుపు, పెద్దవారికి తెలుపు. పాడేరు ఏజెన్సీలో ఆశా కార్యకర్త సంచీలో ఉచితంగా దొరికే ఈ అట్టలోని పైరిమెథమిన్‌నే 2015లో అమెరికాలో ఒక కంపెనీ కొని, 13.50 డాలర్ల మాత్రను 750 డాలర్లు చేసింది. అది 1950ల నాటి మందు, పేటెంటు ఎప్పుడో తీరిపోయింది. అక్కడ ఆ మాత్రను తయారుచేసే మరో కంపెనీ లేకపోవడమే అందుకు కారణం.

వైవాక్స్ అనే మరో రకం మలేరియాకు మాత్రం కాలేయంలో దాగిన క్రిమిని చంపడానికి ప్రిమాక్విన్ 14 రోజులు వేసుకోవాలి. ఆ మాత్రా ఉచితమే. మూడో రోజుకే జ్వరం తగ్గిన మనిషి మిగతా పదకొండు రోజులు మింగడమే కష్టం. ఒకే మోతాదుతో పని ముగించే టఫెనోక్విన్‌కు 2018లో అమెరికా అనుమతి వచ్చింది. దాన్ని ఇచ్చేముందు జి6పిడి అనే ఎంజైము రక్తంలో ఎంత ఉందో కొలవాలి, లేకపోతే కొందరిలో ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. ఆ ఎంజైము లోపం కొన్ని గిరిజన సమూహాల్లో ఎక్కువ. అంచేత ఇప్పుడు ఆరోగ్య శాఖలు లెక్కలు వేస్తున్నది మాత్ర ధర ఒక్కటే కాదు. ఆ కొలిచే యంత్రం ఖరీదు, దాన్ని గూడెం దాకా మోసుకెళ్ళి వాడగల మనిషి జీతం కూడా అందులో చేరాయి.