ఆటలో అరటిపండు

మొన్న వేసవి సెలవులకి పిల్లలు వచ్చారు. నడికుడి జంక్షను కావడం మాకు పెద్ద సదుపాయం సుమండీ! సికింద్రాబాదు నించి కృష్ణ దాటి వచ్చే లైనూ, గుంటూరు నించి మాచర్ల వెళ్ళే లైనూ ఇక్కడే కలుస్తాయి. అంచేత కూతురు ఒక వైపు నించీ, కొడుకు మరో వైపు నించీ వచ్చి దిగారు. హమ్మయ్య, ఇల్లు నిండింది అనుకున్నాను. నిండిన మాట నిజమే గాని, చప్పుడేదీ? మా అమ్మాయి కొడుకు, పన్నెండేళ్ళవాడు, అరుగు మీద స్తంభానికి ఆనుకుని ఫోనులో తల దూర్చాడు. కాఫీ వేళకి పిలిచినా పలకలేదు.

ఏదో యుద్ధం ఆటట. నూరుమందిని ఒక దీవిలో దింపుతారట. ఒకళ్ళనొకళ్ళు చంపుకుంటూ పోతే చివరికి మిగిలినవాడు గెలిచినట్టట. ఆడేవాళ్ళు ఎవరో, ఏ ఊరివాళ్ళో ఒకళ్ళకొకళ్ళకి తెలియదు. మా అబ్బాయి కూతురు, ఏడేళ్ళది, "అన్నయ్యా, నేనూ ఆడతా" అంటూ వాడి చుట్టూ తిరిగి తిరిగి వాళ్ళమ్మ ఫోను సంపాదించింది. పాపం, ఎటు నడవాలో తెలుసుకునే లోపలే ఎవరో కాల్చేశారు. మళ్ళీ మొదలు పెట్టింది. మళ్ళీ కాల్చేశారు. మూడోసారికి ఫోను చాప మీద పడేసి, "నాకీ ఆట రాదు. ఇంకెప్పుడూ ఆడను" అని నా కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది. ఏడేళ్ళ పిల్లకి తుపాకుల ఆటేమిటని కోడలు ఫోను తీసి లోపల పెట్టేసింది. అది సబబే. కాని నా మనసు "రాదు, ఆడను" అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

"అదేమిట్రా, చిన్నపిల్లని ఆటలో అరటిపండుగా పెట్టుకోవద్దూ?" అన్నాను వాడితో.

"అరటిపండు అంటే ఏంటమ్మమ్మా?" అన్నాడు తల ఎత్తకుండానే.

తెల్లబోయాను. అరటిపండు తెలియని పిల్లవాడు కూడా ఉంటాడా అండీ?

మీకు కొత్తగా చెప్పాలా! పంటలు వేసుకుని, దొంగ ఎవరో తేలాక, ఆట మొదలయ్యే ముందు ఎవరి చెల్లెలో, ఎవరి తమ్ముడో ముక్కు చీదుకుంటూ వచ్చి నిలబడేవాళ్ళు. వాళ్ళని వెళ్ళగొడితే ఇంట్లో చీవాట్లు. నిజం ఆటగాళ్ళుగా చేర్చుకుంటే క్షణంలో దొరికిపోయి ఏడుపు. అంచేత మన పూర్వులు మధ్యే మార్గం ఒకటి కనిపెట్టారు. "నువ్వు ఆటలో అరటిపండువి" అనేవాళ్ళు. అంటే అందరితోనూ పరిగెత్తవచ్చు, దాక్కోవచ్చు, అరవవచ్చు. దొరికినా దొంగ పెట్టరు. ఇప్పుడు ఆ మాటని లెక్కలో లేని మనిషి అన్న అర్థంలో ఎగతాళిగా వాడుతున్నారు గాని, నిజానికి అది ఎంత గొప్ప ఏర్పాటో ఆలోచించండి. ఆ ఏడాదంతా పెద్దపిల్లల మధ్య పరిగెత్తిన అరటిపండుకి, ఎక్కడ దాక్కోవాలో, ఎప్పుడు కదలాలో, ఎప్పుడు "తూచ్" అనాలో ఎవరూ పాఠం చెప్పకుండానే వచ్చేసేది.

మన పాత ఆటలు మెత్తనివని పొరపాటు పడకండి. అష్టాచెమ్మా సంగతే తీసుకోండి. మా నాయనమ్మ కాలంలో ఈ అరుగు నాపరాయి మీదే గీతలు చెక్కించింది. ఈ ప్రాంతంలో నాపరాయికి కొదవ లేదు గదా! అడ్డం అయిదు, నిలువు అయిదు, మొత్తం ఇరవై అయిదు గడులు. నాలుగు గవ్వలు. గవ్వలు లేకపోతే చింతపిక్కల్ని పగలగొట్టి, ఒక వైపు తెల్లగా వచ్చేదాకా గచ్చు మీద అరగదీసేవాళ్ళం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. మా ఇంట్లో చెమ్మో అష్టో పడితే గాని కాయ గడిలోకి దిగడానికి వీల్లేదు. నాలుగు గవ్వలు పడే తీరులు పదహారు. అందులో కాయని దింపేవి రెండే. అంటే సగటున ఎనిమిది పందేలకి ఒకసారన్నమాట! పక్కవాళ్ళ కాయలు ఇంటిచుట్టూ తిరిగి వస్తుంటే కొత్తగా వచ్చిన పిల్ల గవ్వలు వేస్తూనే కూర్చునేది. తీరా కాయ దిగాక, అడ్డగీతలు వేసిన గడి దాటితే చాలు, వెనకనించి వచ్చి చంపేవాళ్ళు. పైగా ఎదుటివాళ్ళ కాయని ఒక్కదాన్నయినా చంపందే లోపలి వరసలోకి పోనివ్వరు. కాయ పండాలంటే మాటలా మరి!

ఇంత కటువైన ఆటని అయిదారేళ్ళ పిల్లలం ఎలా పట్టుకుని వేళ్ళాడామా అని ఇప్పుడు ఆలోచిస్తే, అంతా మా నాయనమ్మ చలవే అనిపిస్తుంది. కొత్తగా కూచున్న పిల్లకి మొదటి రెండు ఆటలూ ఏ పందెం పడినా కాయ దింపుకోవచ్చనేది. దాని కాయని చంపకూడదనేది. అయితే ఒక షరతు: అది మాత్రం మిగతావాళ్ళ కాయల్ని చంపవచ్చు. పెద్దవాళ్ళం గోల పెడితే, "మీరు నేర్చుకున్నప్పుడు మీ కాయలు చంపామా?" అని నోరు మూయించేది. మూడో ఆట నించి అందరికీ ఒకటే రూలు.

ఈ గవ్వల ఆటలకి అన్నలాంటిది పచ్చీసు. దాన్నే ఇంగ్లీషువాళ్ళు పట్టుకుపోయి, చిన్నది చేసి, 1896లో లూడో అని పేటెంటు పుచ్చుకున్నారు. గవ్వలు పోయి పాచిక వచ్చింది. ఆరు పడితే గాని కాయ బయటికి రాదన్న కాఠిన్యం మాత్రం మిగిలింది. 2020లో లాక్‌డౌను రోజుల్లో ఇంటింటా ఫోనుల్లో ఆడుకున్నది అదే లూడో. అత్తవారింట్లో ఉన్న మా అమ్మాయీ నేనూ కూడా ఆడాం లెండి!

మగపిల్లల ఆటల్లోనూ ఈ చిక్కే వచ్చింది. చెడుగుడు, అదే కబాడీ, మనదేశంలో మూడు రకాలుగా ఉండేది. గామినీ అనే పద్ధతిలో ఒకసారి ఔటయినవాడు తన జట్టంతా అయిపోయేదాకా గట్టున కూచోవలసిందే. అమర్ అనే పద్ధతిలో ఎవరూ బయటికే పోరు, ఎదుటి జట్టుకి పాయింటు మాత్రం పోతుంది. మూడోది సంజీవని. ఎదుటివాణ్ణి ఒకణ్ణి ఔటు చేస్తే, మన వాడొకడు లేచి వస్తాడు. ఆలోచించండి, గామినీలో ముందుగా ఔటయ్యేది ఎవరు? కొత్తవాడే. అంటే ఎవడికి ఆట ఎక్కువ కావాలో వాడే అందరికన్నా ఎక్కువసేపు గట్టున కూచుంటాడు. అమర్‌లో చావు లేదు, అంచేత భయమూ లేదు. ఆటకి నియమాలు ఏర్పడ్డప్పుడు పెద్దలు ముఖ్యంగా ఎంచుకున్నది సంజీవనినే. ఆ ఆటే 1990లో బీజింగ్ ఆసియా క్రీడలకి వెళ్ళింది. ఆడవాళ్ళ కబాడీ 2010లో గ్వాంగ్‌జౌలో చేరింది. రెండుసార్లూ బంగారు పతకం మనదే. చావు ఉండాలి, తిరిగి లేవడమూ ఉండాలి. ఆటకి ఆయుష్షు పోసింది ఆ రెండోదే.

తిరిగి లేవడం లేని ఆట ఎలా ఉంటుందో చెప్పడానికి పల్నాడుకన్నా పెద్ద సాక్ష్యం ఇంకెక్కడుంది? గురజాల నలగామరాజు పక్షాన నాగమ్మ, మాచర్ల మలిదేవరాజు పక్షాన బ్రహ్మనాయుడు కోడిపందెం వేశారని కథ. నాగమ్మ కోడి శివంగి, బ్రహ్మనాయుడి కోడి చిట్టిమల్లు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచి పోవాలని పందెం. చిట్టిమల్లు ఓడింది. ఒక కోడి నేలకి ఒరిగితే ఒక రాజ్యం అడవుల పాలయింది. ధర్మరాజుకయినా రెండోసారి పాచికలు వెయ్యనిచ్చారు గాని, ఇక్కడ ఆ ముచ్చటా లేదు. గడువు తీరాక రాజ్యం ఇమ్మంటే ఇవ్వలేదు. 1182 ప్రాంతంలో కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగింది. ఓడినవాళ్ళని మళ్ళీ కాయ దింపుకోనివ్వని ఆట అలా ముగిసింది.

అందులో నన్ను ఎప్పుడూ కలచివేసేది బాలచంద్రుడి వృత్తాంతం. తల్లి ఐతాంబ అతణ్ణి యుద్ధం మాట చెవిన పడకుండా పెంచింది. ఒకనాడు బొంగరాలాడుతుంటే బొంగరం వెళ్ళి ఒకామె కాలికి తగిలింది. నీ వాళ్ళంతా అక్కడ పోరుకి దిగుతుంటే నీకు ఇక్కడ బొంగరాలాటా అన్నట్టు ఆమె దెప్పిందట. అంతే, బొంగరం తాడు వదిలిన చెయ్యి కత్తి పట్టింది. మాంచాల వీరతిలకం దిద్ది పంపింది. బాలుడు తిరిగి రాలేదు. నా చిన్నప్పుడు ఈ కథ విని ఐతాంబ మీద కోపం వచ్చేది, ముందే చెప్పవద్దూ అని. నేనూ తల్లినయ్యాక ఆమె మీద జాలి వేసింది. బిడ్డని ఎల్లకాలం అరటిపండుగా ఉంచుదామనుకుంది. అరటిపండుగా ఉన్నవాడు ఒక్కరోజులో, ఒక్క మాటతో నిజం ఆటలోకి దూకితే ఏమవుతుందో అదే అయింది.

ఇదే పల్నాడులో ఇదే బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూచోబెట్టి అన్నం పెట్టించాడని చెబుతారు. చాపకూడు అంటారు దాన్ని. కొత్తగా వచ్చినవాడికి ముందు చోటు చూపించాలన్న తెలివి మన గడ్డకి తెలియనిది కాదన్నమాట. కారంపూడిలో కార్తీక అమావాస్య నించి అయిదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. ఒక రోజు కోడిపోరుదయితే, మందపోరు రోజున చాపకూడు ఉంటుంది. మన మాటా వాళ్ళ మాటా రెండూ ఊరివాళ్ళు మరచిపోలేదు.

ఈ కథంతా మా మనవడికి చెప్పాను. వాడు ఫోను పక్కన పెట్టి విన్నాడంటే నమ్మండి. విని ఒక రహస్యం చెప్పాడు. వాళ్ళ ఆటల్లోనూ ఇలాంటిది ఉందట. అలాంటి దీవి ఆటల్లో పేరున్న పబ్జీ 2017లో కంప్యూటర్ల మీద వచ్చింది. ఆడగా ఆడగా పాతవాళ్ళు బాగా ఆరితేరిపోయారు. కొత్తవాళ్ళు వచ్చిన వెంటనే చచ్చి, విసిగి వెళ్ళిపోతున్నారు. ఇలా అయితే ఆడేవాళ్ళే మిగలరని 2020లో తయారుచేసినవాళ్ళు మనుషుల మధ్య మరమనుషుల్ని కూడా దింపారు. అవి గురి తప్పుతూ కాలుస్తాయి, సులువుగా చస్తాయి. కొత్తవాడికి నేనూ ఒకణ్ణి కొట్టాననిపిస్తుంది. మర్నాడు మళ్ళీ వస్తాడు.

"అయితే నువ్వు మొదట్లో గెలిచింది?" అని అడిగాను.

వాడు కాస్త చిన్నబుచ్చుకున్నాడు. "చాలామంది మనుషులు కాదనుకుంటా అమ్మమ్మా. అప్పుడు తెలీలేదు."

చూశారా తేడా! అరటిపండుకి తను అరటిపండునని తెలుసు. అందరి ముందూ చెప్పి, అందరూ ఒప్పుకుని ఇచ్చిన చోటు అది. ఫోనులో అది కొత్తవాడికి తెలియకుండా ఇస్తారు. ఇచ్చేవాడికి పిల్లవాడు మళ్ళీ రావడం వ్యాపారం. మా నాయనమ్మకి మాత్రం పిల్ల ఆట నేర్చుకోవడమే కావాలి. ఉపాయం ఒకటే అయినా మనసు వేరు. అలాగని వాళ్ళని తప్పుపట్టను. కోట్లు ఖర్చుపెట్టి వాళ్ళు కనిపెట్టినది మన అరుగుల మీద ఎప్పుడో ఉందని కాస్త గర్వపడ్డాను, అంతే.

ఆ సాయంత్రం నాపరాయి కడిగి, అరిగిపోయిన గీతల మీద సుద్దతో మళ్ళీ గీశాను. గవ్వలు పాత ట్రంకుపెట్టెలో దొరికాయి. కోడలూ కూతురూ కూడా కూచున్నారు. "బుజ్జిది ఆటలో అరటిపండు. రెండాటలు" అన్నాను. మనవడు గొణిగాడు గాని ఒప్పుకున్నాడు. మొదటి ఆటలో బుజ్జిది అన్నయ్య కాయని ఒకదాన్ని చంపి, అరుగంతా గెంతింది. రెండో ఆటలో ఎవరి కాయ ఎన్ని గడుల వెనక ఉందో వేలుపెట్టి లెక్కవేయడం మొదలుపెట్టింది.

రెండో ఆట సగంలో ఉండగా, వాడికి పడిన పందేనికి సరిగ్గా దాని కాయ ఉన్న గడే వచ్చింది. వాడు దాన్ని దాటించి పక్కన పెట్టబోయాడు. బుజ్జిది వాడి చెయ్యి పట్టుకుంది.

"నాయనమ్మా, ఇంక నన్ను కూడా చంపొచ్చు" అంది.

అందరం ఒక్క క్షణం మాట్లాడలేదు. వాడు నా వంక చూశాడు. నేను తల ఊపాను. కాయ చచ్చింది. దాని కింది పెదవి కాస్త వణికింది. చచ్చిన కాయని తీసి తన ఇంటి ముందు పెట్టుకుని, మోకాళ్ళ మీద కూచుంది.

"గవ్వలిటివ్వు. నా పందెమే కదా ఇప్పుడు?"