శాసనాల్లోంచి నవలల్లోకి: పల్నాడు, అద్దంకి, కొండవీడు

తెలుగు చారిత్రక నవల పుట్టగానే మన ఊళ్లకు రాలేదు. 1896లో చిలకమర్తి 'హేమలత' రాసినప్పుడు కథ కోసం రాజపుత్రుల గాథల్లోకి వెళ్లారు. అప్పటి చదువరులకు టాడ్ దొర రాసిన రాజస్థాన చరిత్ర అందుబాటులో ఉంది. రెడ్డిరాజుల చరిత్ర ఇంకా రాళ్ల మీదా రాగిరేకుల మీదా ఉంది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర పుస్తకాలు తెచ్చారు, నవలల పోటీలు నడిపారు. అప్పటినుంచే రచయితల చూపు ఇటు తిరిగింది. పల్నాటివాడైన అక్కిరాజు ఉమాకాంతం 1911లో 'పల్నాటి వీరచరిత్ర'ను అచ్చువేయించారు.

నాగార్జునకొండ తవ్వకాలు ఈ కథను మరో మలుపు తిప్పాయి. అక్కడి ప్రాకృత శాసనాల్లో అడవి చాతిసిరి అనే ఆడపడుచు పేరుంది. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి కూతురు, మహాసేనాపతి ఖండవిశాఖుడి భార్య. ఆమె గురించి ఇంతకు మించి దొరికేది కొంచెమే. తన ఇంటిపేరే ఆ రాజకుమారి పేరులో కనబడితే అడివి బాపిరాజు ఊరుకుంటారా! 'అడవి శాంతిశ్రీ' రాశారు. చిత్రకారుడు గనక ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని రంగులతో నింపారు. చరిత్ర చెప్పని చోటల్లా ఊహతో పూడ్చారు. ఆ స్వేచ్ఛ నాకు ఇష్టమే.

రేపల్లెలో వకీలు నోరి నరసింహశాస్త్రిది మరో పద్ధతి. ఆయన యుగానికో కవిని పట్టుకున్నారు. నన్నయ కాలానికి 'నారాయణభట్టు' (1949), తిక్కన కాలానికి 'రుద్రమదేవి', ఎఱ్ఱన కాలానికి 'మల్లారెడ్డి'. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా ఏలిన రోజులు, ఆయన తమ్ముడు మల్లారెడ్డి గెలిచిన మోటుపల్లి రేవు, హరివంశం అంకితమిచ్చిన ఎఱ్ఱన: ఈ సీమ చరిత్రకు కావలసిన సరంజామా అంతా అందులో ఉంది. రాజుల కత్తి కంటే భారతం తెలుగు కావడమే పెద్ద చారిత్రక ఘటన అని నోరివారు నమ్మారు. మన నవలా సాహిత్యంలో ఇంత ధైర్యమైన ఆలోచన అరుదు.

అయితే అది ఆంధ్రోద్యమం పెంచిన తరం. వాళ్లకు గతంలో వెలుగే కావాలి. కన్నడంలో మాస్తి వెంకటేశ అయ్యంగార్ 'చిక్కవీర రాజేంద్ర'లో కొడగు చివరి రాజు తన చేజేతులా ఎలా చెడ్డాడో చూపించారు. త.రా.సు. 'దుర్గాస్తమాన'లో చిత్రదుర్గం పతనాన్ని రాశారు. ఓడినవాణ్ని గౌరవం తగ్గకుండా, తప్పు దాచకుండా చూడటం వాళ్లకు చేతనైంది.

మనకూ అలాంటి రాజున్నాడు. కొండవీటి చివరి ప్రభువు రాచవేమారెడ్డి పురిటి సుంకం వేశాడనీ, బాలింతల ఇళ్ల నుంచి కూడా పన్ను గుంజాడనీ, సవరం ఎల్లయ్య అనే బంటు అతణ్ని పొడిచి చంపాడనీ కథలు చెబుతాయి. గుంజబోమని రాజు ఇచ్చిన మాటా ఈ సీమలోనే ఉంది: మోటుపల్లిలో 1244 నాటి కాకతీయ గణపతిదేవుడి అభయశాసనం. తుపానుకు దరి చేరిన ఓడల సరుకును ఇక స్వాధీనం చేసుకోబోమని వర్తకులకు మాట ఇచ్చింది. తర్వాత కొన్ని దశాబ్దాలకు మార్కో పోలో ఈ తీరపు సన్నని నూలుబట్టను సాలెగూడుతో పోల్చాడు. ఆ పత్తి పండించినవాళ్లు, ఆ నూలు వడికినవాళ్లు, పురిటి సుంకం కట్టిన తల్లులు మన చారిత్రక నవలల్లో ఇంకా నడిమింట్లోకి రాలేదు. వాళ్ల వైపు నుంచి కొండవీడును రాసే నవల కోసం నేను ఎదురుచూస్తున్నాను. రాసేవాళ్లు ఒక్క సంగతి మరవకూడదు: మిరపకాయ ఈ నేలకు పోర్చుగీసువాళ్ల తర్వాతే వచ్చింది. ఎఱ్ఱన విస్తట్లో కారం మిరియాలదే.