బోరు నీళ్లొచ్చినయి, చెరువు మన్ను ఆగింది

ఈ ఎపిసోడ్ రఘునాథపల్లి నుంచి. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 అక్టోబర్ నుంచి జనగామ జిల్లా. చరిత్ర అంటే కోటలు, రాజులు అనుకుంటం కదా. ఇవాళ మా చిక్కుడు చెల్క చరిత్ర చెప్తా.

నా చిన్నప్పుడు మా బాపు బోరు వేయించిండు. నీళ్లు మంచిగ పడ్డయి. ఇంక చిక్కుడుకు తిరుగులేదనుకున్నం. గింజలు పెట్టి తడి ఇచ్చినం. రెండ్రోజుల ఎండకు పైమన్ను అప్పడంలా గట్టిపడ్డది. చిక్కుడు మొలక ఎట్లొస్తదో ఎప్పుడన్నా చూసిన్రా? మెడ వంచి, రెండు పప్పుబద్దలను మోసుకుంటూ పైకి లేస్తది. పైన పెచ్చు కడితే ఆ మెడ విరుగుతది. సగం గింజలు లోపలే పోయినయి. మొలిచినవాటికి ఇంకో తిప్పలు. ఇయ్యాల పారించిన తడి రేపటికి కనపడదు. పూత వచ్చింది, రాలింది. నీళ్లున్నయి, కాయ లేదు.

"మన్నుల బలం లేదురా" అన్నది మా నాయినమ్మ బాపుతో. నేను ఎరువు గురించి అనుకున్న. ఆమె అన్నది వేరే.

మా నేల కింద ఉన్నది గ్రానైట్ రాయి. అది అరిగి అరిగి ఏర్పడిందే ఈ ఎర్ర చెల్క. ఇసుక ఎక్కువ, బంకమన్ను తక్కువ. బంకమన్ను రేణువు 0.002 మిల్లీమీటర్ల కంటే చిన్నది. నీళ్లను గట్టిగా పట్టుకునేది అదే. అంత సన్నది కాబట్టి వానకు తొందరగా కొట్టుకుపోయేదీ అదే. ఎటు పోతది? కిందున్న చెరువులోకి.

ఇక్కడే కాకతీయులు వస్తరు. రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించిన కాలం అది. రామప్ప, పాఖాల, లక్నవరం పెద్ద చెరువులు. ఇంక ఊరూరికీ గొలుసుకట్టు చెరువులు. ఇవన్నీ నీళ్ల కోసమే అని చదువుకున్నం. నా లెక్కలో అది సగం మాటే. చెరువు మన్నును కూడా దాచిపెట్టేది. ఎండాకాలం నీళ్లు ఇంకినంక రైతులు బండ్లు కట్టుకుపోయి ఆ మన్నును మళ్లీ చెల్కలకు తోలేవాళ్లు. అటు చెరువు పూడిక పోయేది, ఇటు చెల్కకు బంక వచ్చేది.

బోర్లొచ్చినంక ఎవరి నీళ్లు వాళ్లవే. చెరువుతో పని తగ్గింది, బండ్లు ఆగినయి. వాన మాత్రం మన్నును కిందికి దించుడు ఆపలే. మా చేనుకు నీళ్లు పెరిగిన ఏండ్లలోనే నీళ్లు పట్టే గుణం తగ్గుకుంట వచ్చింది.

2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైంది. 46 వేలకు పైగా చెరువులు లెక్కలోకి వచ్చినయి. పూడిక తవ్వేది సర్కారు, తోలుకునే ఖర్చు రైతుది. ట్రాక్టర్ కిరాయి విని బాపు గొణిగిండు గానీ తోలించిండు. రోజు విడిచి రోజు పెట్టే తడి నాలుగు రోజులకోసారి సరిపోయింది. ఆ ఏడు చిక్కుడు అమ్మిన పైసలతోనే నా కాలేజీ ఫీజు కట్టినం.

అయితే గెట్టు పక్కన పల్లంలో మన్ను మందంగా పడ్డది, సరిగ్గా చల్లలే. అక్కడ నీళ్లు నిలిచి, వేర్లకు గాలాడక చెట్లు పసుపుపచ్చగా మారినయి. నాయినమ్మ చూసి నవ్వింది. "ఇది చిక్కుడుకు కాదు బిడ్డా, వరికి పనికొస్తది." మరుసటేడు బాపు ఆ మన్నును తట్టలతో ఎత్తి మీది చెల్కల చల్లిండు.