వస్తువునకు వెలుగే సాక్షి

అంగడిలో వస్తువును కొనువాడు దానిని చేతికి తీసికొని చూచును. కుండయైనచో వ్రేలితో తట్టి శబ్దము వినును. బట్టయైనచో వెలుతురునకు పట్టి నేత పరీక్షించును. ఇత్తడి చెంబైనచో బరువు చూచును. పత్రికలోని ప్రకటనను చూచి కొనువానికి ఈ అవకాశము లేవియు లేవు. అతనికి ఆధారము ఛాయాచిత్రము; ఆ ఛాయాచిత్రమునకు ఆధారము వెలుగు. వస్తువుపై వెలుగును ఎట్లు ప్రసరింపజేయవలెనను విద్య 180 సంవత్సరములకు పైగా పెరుగుచు వచ్చినది. ఆ విద్య ఎట్లు పుట్టినది, దానివలన కొనువానికి కలిగిన మేలేమి, కీడేమి అను విషయమును స్థూలముగా పరిశీలింతము.

తొలినాటి ఛాయాగ్రాహకులకు కదలని వస్తువులే అనుకూలములు. బింబము పలకపై నిలుచుటకు చాలసేపు పట్టెడిది. అంతసేపు మనిషి కదలక యుండలేడు. పింగాణి పాత్ర యుండగలదు. ఫ్రాన్సులో డగెర్ 1837లోనే అచ్చుపోసిన సున్నపు బొమ్మలను అమర్చి చిత్రము తీసెను. ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1844 మొదలు 1846 వఱకు ఆరు భాగములుగా వెలువరించిన ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’ అను గ్రంథమున 24 చిత్రములు గలవు. అందు మూడవది అరలలో పేర్చిన పింగాణి సామగ్రి. నాలుగవది గాజు సామగ్రి.

పింగాణి చిత్రమును గూర్చి టాల్బట్ చేసిన ఊహ మిక్కిలి ముఖ్యమైనది. తన పాత్రల జాబితాను కాగితముపై వ్రాసికొనుటకు పట్టునంత కాలములోనే, ఇంచుమించుగా, యజమాని వాని నన్నింటిని చిత్రముగా తీయించుకొనవచ్చును. వానిని దొంగ యెత్తుకొనిపోయినచో, ఆ మూగ చిత్రమును న్యాయస్థానమున చూపిన నది క్రొత్తరకపు సాక్ష్యమగును. కావున వస్తువుల ఛాయాచిత్రణము జన్మించినప్పుడు దానికి నిర్దేశింపబడిన ధర్మము అలంకారము కాదు, సాక్ష్యము. ఈ మాటను మనము జ్ఞాపకముంచుకొనవలెను.

గాజును గూర్చియు ఆయన ఒక విశేషమును గుర్తించెను. తెల్లని పింగాణిని, గాజును ఒక్కచోట పెట్టి తీసినచో ఫలితము బాగుండదు. గాజు బింబము ఏర్పడుట ఆరంభింపక మునుపే పింగాణి బింబము పూర్తియగును. ఆనాటి కాగితమునకు నీలిరంగు ఇంచుమించు తెలుపుతో సమానము. ఆకుపచ్చ మిక్కిలి మందము. ఈ దోషమును సవరించుటకు 1873లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫోగెల్ మార్గము చూపెను. పలకపై లేపనమునకు తగిన రంగులు కలిపినచో అది ఆకుపచ్చ వెలుగును కూడ గ్రహించునని ఆయన కనుగొనెను. 1906 నాటికి ఎఱుపుతోసహా అన్ని వర్ణములకు స్పందించు పలకలు అమ్మకమునకు వచ్చెను.

వెలుగుతో అసలు పోరాటము మెఱయు వస్తువులతోనే. చార్లెస్ థర్స్‌టన్ థాంప్సన్ 1853లో ఒక వెనీసు అద్దమును ఛాయాచిత్రము తీసెను. 1856లో ఆయన లండనులోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియమునకు ఛాయాగ్రాహకుడయ్యెను. ఆ అద్దపు చిత్రమున చెక్కడపు చట్రము ఎంత స్పష్టముగ నున్నదో, అద్దములో కెమెరాయు దాని ప్రక్క నిలిచిన ఛాయాగ్రాహకుడును అంత స్పష్టముగ నున్నారు! మెఱుగుపెట్టిన వస్తువునకు తనదను రూపము తక్కువ. చుట్టునున్నదే దాని రూపము. వెండిగిన్నెపై సూటిగా దీపము వేసినచో గిన్నె కనబడదు, దీపమే కనబడును. అందుచేత శిల్పశాలలో గిన్నె చుట్టును తెల్లని గుడ్డను గుడారమువలె కట్టి, వెలుపలినుండి ఆ గుడ్డపై వెలుగు ప్రసరింపజేయుదురు. గుడ్డయందలి చిన్న రంధ్రమునుండి కెమెరా చూచును. గిన్నె అంచులు తెలుపులో కలిసిపోకుండుటకు ప్రక్కల నల్లని అట్టముక్కలు నిలుపుదురు.

గాజునకు వేఱొక నియమము. వెనుకతెరను వెలిగించి, గాజును దాని ముందుంచినచో అంచులు నల్లని గీతలుగా ఏర్పడును. వెనుక చీకటి యుంచి, ప్రక్కలనుండి వెలుగు తెచ్చినచో అంచులు వెండితీగలవలె ప్రకాశించును. బట్టకు ఏటవాలు వెలుగు కావలెను. సాయంకాలపు టెండలో దున్నిన పొలపు చాళ్లు స్ఫుటముగ కనబడునట్లు, వాలు వెలుగులో పడుగు పేకలు వేఱువేఱుగ కనబడును.

ఈ వెలుగులకు మొదట సూర్యుడే ఆధారము. 1860ల నాటికి మెగ్నీషియము తీగను కాల్చి వెలుగు పుట్టించుట నేర్చిరి. 1877లో వాండర్ వైడ్ లండను రీజెంట్ వీథిలో విద్యుద్దీపములతో నడచు శిల్పశాలను తెఱచెను. 1887లో జర్మనీలో మెఱుపుపొడి వచ్చెను. అది పొగతో గదిని నింపెడిది. 1929లో గాజుబుడ్డిలోనే మెఱయు దీపము వచ్చి ఆ బాధ తొలగించెను. 1931లో అమెరికాలో ఎడ్జర్టన్ రూపొందించిన విద్యుత్ మెఱుపు నేటి శిల్పశాలలకు పునాది యయ్యెను.

1880లలో చుక్కల అచ్చు పద్ధతి ప్రబలుటతో ఛాయాచిత్రము నేరుగా పత్రికలలోనికి ప్రవేశించెను. అంతకు మునుపు చిత్రకారుడు చెక్కపై చెక్కిన ప్రతిరూపమే పాఠకునకు చేరెడిది. అప్పటినుండి వస్తుచిత్రము వర్తకమున కొక ఆయుధమైనది. న్యూయార్కులో పాల్ ఔటర్‌బ్రిడ్జ్ 1922లో ఒక చొక్కా కాలరును చదరంగపు గళ్లపై పెట్టి తీసిన ప్రకటనచిత్రము కళాఖండముగా పేరొందినది. ఎడ్వర్డ్ స్టైకెన్ ఒక తెల్లని కప్పును, సాసరును నల్లని మఖ్మలు ముందు వేయిమారులు తీసి వెలుగునీడల మెట్లు అభ్యసించెనని ప్రసిద్ధి. ఆయనయే అగ్గిపుల్లలు, చక్కెరబిళ్లలు మొదలైనవానిని అమర్చి, వాని నీడలతో పట్టుబట్టలకు నమూనాలు కల్పించెను. 1930లో ఎడ్వర్డ్ వెస్టన్ ఒక బుట్టమిరపకాయను తగరపు గరాటులో నిలిపి తీసిన చిత్రము శిల్పమువలె భాసించుచున్నది.

ఇంతటి నేర్పు కొనువానికి మేలే. బట్ట నేత, పాత్ర ఆకృతి, గాజు పలుచదనము అతనికి ఇంటివద్దనే తెలియుచున్నవి. అయితే నేర్పు ముదిరి మాయయగుటయు కలదు. అమెరికాలో కాంప్‌బెల్ సంస్థ ప్రకటనచిత్రములకు చారుగిన్నె అడుగున గాజుగోళీలు పోసిరి. కూరముక్కలు మునుగక పైననే తేలి, చారు చిక్కగా కనబడెను. ఆ పద్ధతిని మానవలెనని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1970లో ఉత్తరువు వెలువరించెను. ఆ చిత్రమున వెలుగు అబద్ధమాడలేదు. గోళీలను దాచిన చేయి అబద్ధమాడినది. నేడు కంప్యూటరు సాయమున వస్తువు లేకయే వస్తుచిత్రమును సృష్టించుచున్నారు. అట్టిచో టాల్బట్ తలంచిన సాక్ష్యమునకు సాక్షియే లేకుండబోవుచున్నాడు.

వెలుగు దిద్దుట తప్పని మేమనుట లేదు. దిద్దక తీసిన వెండిగిన్నె గిన్నెవలెనే కనబడదని పైన చెప్పియే యున్నాము. వస్తువునందున్న గుణమును చూపుటకు దిద్దిన వెలుగు న్యాయము. లేని గుణమును కల్పించుటకు దిద్దినది అన్యాయము. ఈ భేదమును గుర్తించుట ఛాయాగ్రాహకునికి ధర్మము, కొనువానికి రక్ష. ప్రకటన చూచునప్పుడు నీడ యెటు పడినది, మెఱుపు ఎక్కడినుండి వచ్చినది, పరిమాణము తెలుపుటకు ప్రక్కన నేదైన వస్తువున్నదా యని ఒక్కక్షణము పరికించుట మంచిది. సాక్షిని ప్రశ్నింపకయే తీర్పు చెప్పుట న్యాయము కాదు గదా!