గొలుసు చివరి కొన: డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు, జమ్మలమడుగు ప్రాంతపు చిన్న విక్రేతలు

ప్రైజ్ చిట్లను, ద్రవ్య చలామణీ పథకాలను నిషేధిస్తూ 1978లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని మూడో సెక్షన్ పథకం నడిపేవాణ్ణీ, అందులో సభ్యుడిగా చేరేవాణ్ణీ ఒకే వాక్యంలో నిలబెట్టింది. ఉల్లంఘిస్తే మూడేళ్ళ దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. డైరెక్ట్ సెల్లింగ్ మీద నియంత్రణ అనగానే కంపెనీ ఏమవుతుంది, వినియోగదారుడు ఏమవుతాడు అనే చర్చే సాగుతుంది. మైలవరంలోనో ప్రొద్దుటూరులోనో సబ్బులు, పోషకాహార పొడులు ఇంటింటికీ అమ్మే మనిషి ఆ చట్టం కింద ముద్దాయి కావడానికి ఎంత దగ్గరగా ఉందో ఎవరూ అడగరు. ఈ వ్యాసం అడిగేది ఆ ప్రశ్నే.

అది ఊహాజనితమైన ప్రశ్న కాదు, ఆంధ్రప్రదేశ్‌లోనే పుట్టింది. ఆమ్‌వే ఇండియా 1998లో వ్యాపారం మొదలుపెట్టింది. 2006లో రాష్ట్ర సీఐడీ పోలీసులు దాని కార్యాలయాల మీద దాడులు చేశారు. కంపెనీ హైకోర్టుకు వెళ్ళింది. కొత్తవాళ్ళను చేర్పించడం మీదా, వాళ్ళ కింద చేరినవాళ్ళ కొనుగోళ్ళ మీదా వచ్చే కమిషన్‌ను పరిశీలించి, ఆ పథకం 1978 చట్టం పరిధిలోకి ప్రాథమికంగా వస్తుందని 2007 జూలైలో హైకోర్టు ధర్మాసనం తేల్చింది. 2014 మే నెలలో కర్నూలు పోలీసులు గుర్‌గావ్ వెళ్ళి, కంపెనీ ఇండియా అధిపతి విలియం స్కాట్ పింక్నీని అరెస్టు చేసి తీసుకొచ్చారు. 2022లో ఈడీ అదే కంపెనీకి చెందిన 757.77 కోట్ల రూపాయల ఆస్తులను జప్తు చేసింది. ఆ దర్యాప్తు మూలం కూడా హైదరాబాద్ పోలీసుల కేసే.

కంపెనీకి న్యాయవాదులు ఉంటారు. కింది లైనులో ఉన్న ఆడమనిషికి ఉండరు. కేసు పడిందన్న వార్త పేపర్లో వచ్చిన రోజు ఆమె ఇంట్లో సరుకు మిగిలి ఉంటుంది, వీధిలో అప్పు మిగిలి ఉంటుంది. ‘నువ్వు చేర్పించినావు గదా అక్కా’ అన్న మాటకు బదులు చెప్పాల్సింది ఆమే. అగ్రిగోల్డ్ డైరెక్ట్ సెల్లింగ్ సంస్థ కాదు, డిపాజిట్ల వ్యవహారం. అయినా దాని ఏజెంట్ల అనుభవం జమ్మలమడుగు ప్రాంతంలో ఇంకా పచ్చిగా ఉంది. కంపెనీ కూలినప్పుడు ఏజెంట్లు సొంత ఊళ్ళో తలెత్తుకోలేకపోయారు. రాష్ట్రంలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వం 2019లో పది వేల లోపు, 2021లో ఇరవై వేల లోపు డిపాజిటర్లకు డబ్బు చెల్లించింది. ఏజెంటు పోగొట్టుకున్న పరువుకు మాత్రం ఏ జీవోలోనూ పద్దు లేదు.

ఈ నేపథ్యంలో కేంద్రం 2016 సెప్టెంబరులో రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో డైరెక్ట్ సెల్లింగ్‌కు నిర్వచనం వచ్చింది. 2021 డిసెంబరు 28న నియమాలు నోటిఫై అయ్యాయి. వాటిలో మేలు లేకపోలేదు. చేరిక రుసుం వసూలు చేయకూడదు. పిరమిడ్ పథకం నడపకూడదు. విక్రేత అమ్మిన సరుకు మీద, చూపిన వ్యాపార అవకాశం మీద వచ్చే ఫిర్యాదులకు కంపెనీయే బాధ్యురాలు. ఈ చివరి నియమమే చిన్న విక్రేతకు దొరికిన అసలైన అండ అని నా అభిప్రాయం. తప్పు ప్రచారం పైనుంచి వస్తే దాని భారం కిందికి జారకుండా ఆపగలిగేది ఇదొక్కటే.

మిగిలినవాటిలో చాలా ఆమె నెత్తిన పడ్డ బాధ్యతలే. గుర్తింపు కార్డు, ముందస్తు అనుమతి లేకుండా కొనేవారి ఇంటికి వెళ్ళరాదు. పట్నపు అపార్ట్‌మెంటుకు ఇది సబబు. పక్కింటి వదినె దగ్గరికి పోయి అమ్మే ఊళ్ళో ఈ నియమం రోజూ భంగమవుతూనే ఉంటుంది. రోజూ భంగమయ్యే నియమం అధికారి చేతిలో ఎప్పుడైనా బెత్తం కాగలదు. ఇక జీఎస్టీ నమోదు, పాన్, ‘వర్తించే’ లైసెన్సులు ఉండాలన్నారు. ఆ ‘వర్తించే’ అన్న విశేషణం జీఎస్టీకి కూడా చెందుతుందా? సరుకుల అమ్మకంలో ఏటా 40 లక్షలు, కమిషన్ వంటి సేవల ఆదాయంలో 20 లక్షలు దాటనివారికి సాధారణంగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. నెలకు రెండు మూడు వేలు మిగిలితే చాలనుకునే మనిషిని ఈ సందిగ్ధంలో వదిలేయడం అన్యాయం. ఒక వివరణ పత్రం చాలు.

నియమాల్లో కూలింగ్ ఆఫ్ గడువు ఉంది: ఒప్పందం మీద సంతకం చేసిన నాటి నుంచి సహేతుకమైన వ్యవధిలో జరిమానా లేకుండా తప్పుకోవచ్చు. సహేతుకం ఎవరి లెక్కలో? జమ్మలమడుగు, మైలవరం నల్లరేగడిలో శనగ అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తి సంక్రాంతి దాటాక కోస్తారు. గింజ అమ్ముడుపోయాకే ఇంట్లో డబ్బు ఆడుతుంది. చేనేత ఇళ్ళలో కూలి చేతికొచ్చే రోజు వేరు. దసరాకు చేరిన విక్రేత అరువుకు ఇచ్చిన సరుకు డబ్బులు ఫిబ్రవరికి వస్తాయి. ఈ వ్యాపారం తనకు గిట్టదని ఆమెకు తెలిసేదీ అప్పుడే. కంపెనీ నెల రోజుల గడువు ఇచ్చినా అది ఆమెకు ఏ పనికీ రాదు. అమ్ముడుపోని సరుకును తిరిగి తీసుకునే హక్కు ఒక పంటకాలమంతా ఉండాలి.

మరో లోటు ఆదాయ వివరాలది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2006లో వ్యాపార అవకాశాల మీద ఒక నియమం ప్రతిపాదించింది. చేరేవారికి ముందుగా వివరాలు ఇచ్చి, ఏడు రోజులు ఆగాకే డబ్బు తీసుకోవాలని అందులో ఉంది. డైరెక్ట్ సెల్లింగ్ వర్గాల నుంచి పెద్దయెత్తున అభ్యంతరాలు వచ్చాయి. కమిషన్‌కు 17,000 పైగా అభిప్రాయాలు అందాయి. 2008లో సవరించిన ప్రతిపాదన నుంచి మల్టీలెవెల్ సంస్థలు బయటపడ్డాయి. చిన్న విక్రేతల పని కష్టమవుతుందన్నదే అక్కడ ప్రధానంగా వినిపించిన వాదన. అందులో నిజం కొంత ఉంది. అయితే ఏడు రోజుల ఆలస్యం వల్ల నష్టపోయేది ఎక్కువగా చేర్పించేవారే గాని సరుకు అమ్మేవారు కాదు. మన నియమాలు కూడా ఈ తేడా దగ్గరే ఆగిపోయాయి. తప్పుడు వాగ్దానం వద్దన్నాయి గాని, నిరుడు ఎంతమంది చేరారు, ఎంతమంది మానుకున్నారు, ఖర్చులు పోను మధ్యస్థంగా ఎంత మిగిలింది అన్న లెక్కను తెలుగులో, సంతకానికి ముందే, చేతికివ్వాలని అడగలేదు. ప్రొద్దుటూరు బంగారు అంగట్లో తూకం చూడకుండా ఎవరూ డబ్బు ఇవ్వరు. ఇక్కడ జీవనోపాధే పణంగా ఉంది.

కాబట్టి కొత్త నియంత్రణ ఏది వచ్చినా మొదట తేల్చాల్సింది 1978 చట్టంతో దాని పొత్తు. 2021 నియమాలు పాటించే కంపెనీలో నమ్మి చేరి, తన అమ్మకం మీదే సంపాదించిన విక్రేత మూడో సెక్షన్ కింద సభ్యురాలిగా శిక్షార్హురాలు కాదని స్పష్టంగా రాయాలి. వందల మందిని చేర్పించి వాళ్ళ కొనుగోళ్ళ మీద బతికే పైలైను వారికి ఆ రక్షణ ఇవ్వకూడదు. రెండోది పర్యవేక్షణ. నియమాల ప్రకారం అది రాష్ట్రం చేతిలో ఉంది. విజయవాడలో ఒక కమిటీ వేస్తే మైలవరానికి అది చేరదు. జమ్మలమడుగు, పులివెందుల ఆర్డీవో కార్యాలయాల్లో విక్రేత తన కంపెనీ మీద ఫిర్యాదు చేయగల బల్ల ఒకటి ఉండాలి. అక్కడ ఆమెను నిందితురాలిగా కాక ఫిర్యాదీగా నమోదు చేయాలి. సరుకు వాపసు, ఆగిపోయిన కమిషన్, ఒప్పందం ప్రతి ఇవ్వకపోవడం, ఈ మూడింటి మీదా కంపెనీ నోడల్ అధికారి నెలలోగా రాతపూర్వకంగా జవాబు ఇచ్చేలా ఆ కార్యాలయం పట్టుబట్టాలి.