కొండెక్కిన విజయపురి

మాచర్ల మీదుగా విజయపురి సౌత్ అను కాలనీకి చేరి, అచ్చటినుండి లాంచిలో నాగార్జునకొండకు పోవు యాత్రికుడు తానొక ద్వీపమునకు పోవుచున్నాననుకొనును. చుట్టును నీరే గనుక అట్లనుకొనుట సహజమే. కాని ఆ ద్వీపము ఒకప్పుడు కొండ. లాంచి సాగుచున్న జలము క్రింద నున్నది ఒక లోయ. ఆ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి యుండెను. కాలనీకి వచ్చిన పేరు దానిదే. ఒక జాతీయ ప్రభుత్వము పూర్వుల సంపదను కాపాడుట యన నేమో తెలిసికొనుటకు ఇంతకంటె తగిన తావు మన దేశమున లేదని మా యభిప్రాయము. ఏలయన, ఇచ్చట ముంచినదియు ప్రభుత్వమే, తేల్చినదియు ప్రభుత్వమే.

క్రీస్తు శకము మూడవ శతాబ్దిలో, శాతవాహనుల ప్రాభవము తగ్గిన పిమ్మట, వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు ఈ లోయలో రాజ్యము నెలకొల్పెను. అతడు అశ్వమేధము చేసిన వైదికుడు. అతని సోదరి చాంతిసిరి మాత్రము బౌద్ధుల మహాచైత్యమునకు మహాదాత. చాంతమూలుని కుమారుడైన వీరపురుషదత్తుని ఆరవ పాలనవర్షమున ఆమె వేయించిన శాసనములు చైత్యపు ఆయక స్తంభములపై నున్నవి. ఆ రాజు ఆమెకు మేనల్లుడే కాక అల్లుడు కూడ. మేనరికము మన తెలుగునాట నిన్న మొన్నటి యాచారము కాదన్నమాట! రాణివాసమువారే కాదు, బోధిసిరి యను ఉపాసిక సింహళ భిక్షువులకొరకు చైత్యగృహము కట్టించినది. రాజు యాగశాలకు వ్యయము చేయుచుండగా ఆడువారు ఆరామములకు వ్యయము చేసిరి. ఈ రెండును ఒకే లోయలో, ఒకే కాలమున, ఒకరి నొకరు అడ్డగింపక సాగినవి.

తరువాత లోయను అడవి కప్పివేసెను. 1926లో సూరపరాజు వేంకటరామయ్య యను బడిపంతులు ఇచ్చటి శాసన స్తంభముల సంగతి తెలుపగా, మద్రాసు శాసనశాఖకు చెందిన ఎ. రంగస్వామి సరస్వతి వచ్చి చూచెను. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్టును, 1938లో టి. ఎన్. రామచంద్రనును త్రవ్వకములు జరిపిరి. స్తూపములు, విహారములు, చెక్కడపు పలకలు బయల్పడినవి. పని ముగిసినట్లే అందరును తలంచిరి.

అంతలో కృష్ణకు ఆనకట్ట వచ్చెను. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసి, అది తనకు పవిత్రకార్యమని చెప్పెను. లోయ మునుగుట నిశ్చయము. అప్పటికే, 1954లో, భారత పురావస్తుశాఖ ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున ప్రత్యేక సిబ్బందిని లోయకు పంపియుండెను. గడువు పెట్టినది పండితులు కాదు, ఇంజనీర్లు. ఆనకట్ట లేచు వేగమే త్రవ్వకమునకు గడియారమయ్యెను.

ఇచ్చట కొంచె మాగి చెప్పవలసిన సంగతి యున్నది. తీరికగా త్రవ్వినప్పుడు విద్వాంసులు వెదకినది స్తూపములను, శిల్పములను. నీరు తరుముకొని వచ్చుచుండగా ఆరేండ్లలో నూటికి పైగా స్థలములు త్రవ్వినవారికి మాత్రము ఒక నగరమే కనబడెను. కోటగోడ, వీథులు, నదికి దిగు స్నానఘట్టము, అశ్వమేధమునకు సంబంధించిన మెట్ల కోనేరు, కార్తికేయునికి, అష్టభుజస్వామికి, పుష్పభద్రస్వామికి ఆలయములు, చనిపోయినవారి జ్ఞాపకార్థము నిలిపిన ఛాయాస్తంభములు, వీనికంటె వేల యేండ్లు పూర్వపు రాతిపనిముట్లు, రాకాసిగుళ్లు! ముంపు భయము లేకున్నచో ఇన్ని స్థలములకు ధనమును మనుషులును ఒక్కమారు లభించియుండెడివి కావని మేము తలంతుము. ఒప్పుకొనుటకు కష్టమైన మాటయే.

మరి వీనిలో వేనిని తీసికొనిపోవలెను? అన్నిటిని మోయుట యసాధ్యము. కొన్ని కట్టడములను విడదీసి, కొండపైనను, తూర్పు ఒడ్డున అనుపు వద్దను తిరిగి కట్టిరి. కొన్నిటికి చిన్న నమూనాలు చేసిరి. శిల్పములకు కొండపైన మ్యూజియము కట్టగా 1966లో అది తెరువబడెను. తక్కినవి పటములుగను ఛాయాచిత్రములుగను మిగిలినవి. మన రాజ్యాంగపు 49వ అధికరణము జాతీయ ప్రాముఖ్యము గల కట్టడములను ధ్వంసమునుండియు, రూపము చెడుటనుండియు, వానిని ఉన్నచోటినుండి తొలగించుటనుండియు కాపాడుట రాజ్యమునకు విధి యని చెప్పుచున్నది. ఇచ్చట ధ్వంసమునుండి కాపాడుటకు తొలగింపే సాధనమయ్యెను. రాజ్యాంగకర్తలు ఈ చిక్కు నూహించిరో లేదో! నైలునది ఆనకట్టవలన మునుగనున్న నూబియా ఆలయములకొరకు యునెస్కో ప్రపంచమున కెల్ల విజ్ఞప్తి చేసినది 1960లో. అబూ సింబెల్ ఆలయములు పైకి తరలినది 1964, 1968 సంవత్సరముల నడుమ. నాగార్జునకొండ త్రవ్వకము 1960 నాటికే ముగిసినది. దీనికి అంత కీర్తి రాలేదు.

1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడిచిరి. ఆ నీటితో పండిన అన్నము తినుచు ఆనకట్ట వలదనుట మాకు చేతకాదు. అయినను ఒక మాట. ఆ ముంపులో పల్లెలును పోయినవి. ఇక్ష్వాకుల యిటుకలకు దొరికిన శ్రద్ధలో, ఆ పల్లెల గుడిసెలకు, గ్రామదేవతల గద్దెలకు దొరికిన దెంత? వానికి మ్యూజియము లేదు. జాతీయ ప్రాముఖ్యమను ముద్ర వేయువారు మెట్టుపై నుందురు. ఇల్లు ఖాళీ చేయువారు క్రింద నుందురు.

మరియొక లోపము కాగితములది. ఆరేండ్లలో త్రవ్విన లోయకు సంబంధించిన నివేదికలో మొదటి సంపుటము, అనగా చరిత్రకు పూర్వపు కాలమును గూర్చినది, వెలువడినది 1975లో. ఇక్ష్వాకుల కాలపు సంపుటము 2006లో గాని రాలేదు. త్రవ్వినవారిలో ఎందరు దానిని కన్నులార చూచిరో! మునిగిపోయిన స్థలమునకు నివేదికయే స్థలము. అది ఆలస్యమైనన్నాళ్లును విజయపురి రెండవమారు మునిగియున్నట్లే.

అనుపు వద్ద మరల కట్టిన రంగస్థలము కలదు. నడుమ చదరపు ఆవరణ, నాలుగు వైపుల మెట్లు. ధ్వనితో పనిచేయువారము గనుక మాకు దానిపై మక్కువ యెక్కువ. ఆవరణ నడుమ నిలిచి మాటాడినచో పై మెట్టు మీదివారికి స్పష్టముగా వినవచ్చునని అచ్చటికి పోయినవారందరును చెప్పుదురు. నిజమే. కాని పాత తావున ఈ రంగస్థలము ఒక కొండ పాదమున నుండెను; దానినుండి కొండపైని హారీతి గుడికి మెట్లు పోయెడివి. హారీతి బిడ్డలను కాచు తల్లి. ఆ గుడినికూడ అనుపునకు తెచ్చిరి. కొండను మాత్రము తేలేకపోయిరి. పూర్వము మెట్లపై కూర్చున్నవారికి ఆ కొండనుండి మారుమ్రోగిన శబ్ద మెట్లుండెనో నేడు కొలిచి చూచుటకు వీలులేదు. అచ్చట నిప్పుడు నీరున్నది.