కొలిచి కట్టిన రంధ్రాలు: ఒక సింహావలోకనం

చౌటుప్పల్, చిట్యాల దారి వెంట మందుల ఫ్యాక్టరీలు వెలిసి మూడు దశాబ్దాలు దాటింది. లింగోజిగూడెంలో దివీస్ తొలి యూనిట్ 1995 నాటిది. మందును పుట్టించడం ఒక ఎత్తయితే, దాని రంగూ మలినమూ తీసి, వాడిన ద్రావకాన్ని గాలిపాలు కానీయకుండా తిరిగి పట్టుకోవడం మరో ఎత్తు. ఈ రెండో పనికి రంధ్రాలున్న పదార్థాలు ఎప్పటినుంచో ఆసరా.

మొదట బొగ్గు. తర్వాత, 1756లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు క్రాన్‌స్టెట్, వేడిచేస్తే నురగలెత్తే రాయి ఒకటి చూసి జియోలైట్ అని పేరు పెట్టారు. రెండు వందల ఏళ్లకు అది పెట్రోలు శుద్ధి కర్మాగారాలకెక్కింది. హైదరాబాద్ సంస్థానంలో 1944లో మొదలై, 1956లో ఆర్‌ఆర్‌ఎల్‌గా, 1989లో ఐఐసీటీగా పేరు మార్చుకున్న పరిశోధనాలయంలోనూ జియోలైట్ ఉత్ప్రేరకాల మీద ఒక తరం శ్రమించింది. అయితే జియోలైట్ రంధ్రాన్ని కోరిన కొలతకు కట్టుకునే వీలు తక్కువ.

ఆ వీలు 1989లో కలిగింది. మెల్‌బోర్న్‌లో రిచర్డ్ రాబ్సన్, రాగి అయాన్లను నాలుగు చేతుల కర్బన అణువులతో ముడివేసి, లోపల ఖాళీలున్న స్ఫటికాన్ని కట్టారు. సరిగ్గా అదే ఏడాది, హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు గౌతమ్ దేశిరాజు ‘క్రిస్టల్ ఇంజినీరింగ్’ పుస్తకం వచ్చింది; స్ఫటికంలో అణువుల కూర్పును ముందే ఆలోచించి రూపొందించడం దాని విషయం. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడటం మేలు. 1997లో జపాన్‌లో సుసుము కితగావా, వాయువులు వచ్చిపోయే ఇలాంటి లోహ-కర్బన చట్రాన్ని చూపారు. 1999లో అమెరికాలో ఒమర్ యాగీ, జింకుతో ఎంఓఎఫ్-5 అనే చట్రాన్ని చేశారు. దాని ఒక్క గ్రాము లోపలి ఉపరితలం సుమారు 2,900 చదరపు మీటర్లు, మన లెక్కన ఇరవై ఎనిమిది గుంటల పైమాటే! 2025 రసాయన నోబెల్ ఈ ముగ్గురికీ దక్కింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసిన ప్రవీణ్ తల్లపల్లి, ఆయన సహచరుడు రాధాకిషన్ మోట్కూరి అమెరికాలోని ఒక జాతీయ ప్రయోగశాలలో ఈ చట్రాలను శీతలీకరణకు మళ్లించే పని చేసి, 2014లో ఫలితాలు ప్రకటించారు.

గొప్ప సరే, ఎంఓఎఫ్-5 గాలిలోని తేమకే చెదిరిపోతుంది. ఆవిరికీ ఆమ్లానికీ ఓర్చుకుని, ధర దిగితే తప్ప ఈ కొత్తవి బొగ్గునూ జియోలైట్‌నూ తోసిరాజనలేవు. కెనడాలో పుట్టిన కాల్ఫ్-20 అనే చట్రం తేమను తట్టుకుని బొగ్గుపులుసు వాయువును పడుతుంది; దాన్ని బీఏఎస్‌ఎఫ్ టన్నుల లెక్కన తయారుచేస్తోంది. మన మందుల ఫ్యాక్టరీలకైతే డైక్లోరోమీథేన్, టొలీన్ వంటి ద్రావకాల ఆవిర్లను పట్టేవి కావాలి. హైదరాబాద్ ప్రయోగశాలలు వాటిని గాజు సీసాల్లోనే కాక, చిట్యాల ఫ్యాక్టరీల్లో నిజమైన ఆవిర్ల మీదే పరీక్షించాలి.